మందు డబ్బా మీద ముక్కోణం: దాని చరిత్ర, మన జాగ్రత్త



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజి, స్త్రీనిధి వసూళ్లు ముందు పేజీల్లో చూసే ఉంటారు. ఈ పేజీల్లో మన చేతుల మీదుగా పోతున్న ఇంకొక వస్తువు గురించి రాస్తున్నాం. అది పంటకు కొట్టే పెరుగుదల మందు. కొందరు గ్రోత్ మందు అంటారు, కొందరు టానిక్ అంటారు. మిరపలో పూత రాలకుండా ఒకటి, పత్తి ఏపుగా పెరిగిపోయి కాయ కట్టకపోతే పెరుగుదల ఆపేందుకు ఒకటి, ఏడాది విడిచి ఏడాది కాసే మామిడి ఏటా కాయాలని ఒకటి, ద్రాక్ష గుత్తి లావు కావాలని ఒకటి, కాయ తొందరగా మాగాలని ఇంకొకటి.

"ఇది పురుగుమందు కాదమ్మా, పెరుగుదల మందే. చూడండి, ముక్కోణం పచ్చగా ఉంది, భయం లేదు" అనే మాట మనందరం విన్నదే. ఆ మాటలో ఎంత నిజం ఉంది? ఆ ముక్కోణం ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, అది ఏం చెబుతుంది, ఏం చెప్పదు? డ్రమ్ములో నీళ్లు పోసేది మనం. మందు తడిసిన చొక్కా ఉతికేది మనం. మందు కొట్టిన మరునాడు అదే చేనులో కలుపు తీసేది, కాయ కోసేది మనం. కాబట్టి ఈ చరిత్ర మనకు తెలిసి ఉండాలి.

వెర్రి నారు, గ్యాసు దీపాలు

పెరుగుదల మందుల కథ వరి మడిలో మొదలైంది. జపాను రైతులు తమ నారుమళ్లలో ఒక తెగులు చూసేవాళ్లు. కొన్ని మొక్కలు పక్క మొక్కల కంటే జానెడు ఎత్తు పెరిగిపోయేవి. సన్నగా, పాలిపోయి, గింజ పట్టకుండానే పడిపోయేవి. వాళ్ల భాషలో దానికి వెర్రి నారు అని పేరు. 1926లో ఎయిచి కురొసావా అనే జపాను శాస్త్రవేత్త తైవానులో పని చేస్తూ దీని గుట్టు కనిపెట్టాడు. మొక్కకు పట్టిన బూజు ఒక పదార్థాన్ని వదులుతోంది, ఆ పదార్థమే మొక్కను అలా లాగేస్తోంది. 1935లో తెయిజిరో యబుతా అనే ఇంకో శాస్త్రవేత్త దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. ఈరోజు ద్రాక్ష తోటలో కొట్టే జిబ్బరెల్లిక్ ఆమ్లం ఆ కుటుంబానిదే. ఒకచోట తెగులు తెచ్చిన పదార్థమే ఇంకోచోట పంట పెంచే మందయ్యింది. తేడా అంతా మోతాదులో, వాడే వేళలో ఉంది.

రెండో కథ రష్యాది. పూర్వం వీధి దీపాలు గ్యాసుతో వెలిగేవి. గ్యాసు కారిన చోట చెట్ల ఆకులు రాలిపోయేవి. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గులో దిమిత్రి నెల్యుబోవ్ అనే విద్యార్థి, ప్రయోగశాల గాలిలో బఠాణీ మొలకలు వంకర తిరగడం గమనించాడు. కారణం దీపపు గ్యాసులోని ఇథిలీన్ అని తేల్చాడు. 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్, మాగుతున్న ఆపిల్ పండు తనంతట తానే ఇథిలీన్ వదులుతుందని చూపించాడు. మన అమ్మమ్మలు పచ్చికాయల మధ్య ఒక పండు పెట్టి గడ్డి కప్పడం వెనక ఉన్న సంగతి ఇదే. ఆ ఇథిలీనును మొక్క లోపల విడుదల చేసేలా తయారు చేసిన రసాయనం ఇథెఫాన్. 1970ల మొదట్లో అది అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మన దగ్గర మామిడి, అనాస, టమాటా, రబ్బరు తోటల వాళ్లకు అది తెలిసిన మందే.

మూడో కథ యుద్ధ కాలంది. మొక్క తనలో తాను తయారు చేసుకునే ఇంకొక పెరుగుదల పదార్థం ఆక్సిన్. దానిని పోలిన రసాయనాలను 1940లలో అమెరికా, ఇంగ్లండు శాస్త్రవేత్తలు తయారు చేశారు. అందులో ఒకటి 2,4-డి. కొంచెం ఇస్తే మొక్కను పెంచుతుంది. మోతాదు పెరిగితే వెడల్పు ఆకుల మొక్క తన పెరుగుదలను తానే తట్టుకోలేక మెలికలు తిరిగి చస్తుంది. అందుకే దాన్ని కలుపు మందుగా అమ్మారు. వరిలో, చెరకులో ఈనాటికీ వాడుతున్నారు. 2,4-డి కొట్టిన పంపును సరిగా కడగకుండా పత్తికి వాడితే ఆకులు వేళ్లలా చీలి సన్నబడటం మన రైతులకు తెలిసిన బాధే.

ఇదే 2,4-డిని, దాని తోబుట్టువు లాంటి 2,4,5-టిని సగం సగం కలిపి 1960లలో అమెరికా సైన్యం వియత్నాం అడవుల మీద విమానాలతో చల్లింది. ఆ మిశ్రమాన్ని ఏజెంట్ ఆరెంజ్ అన్నారు. 2,4,5-టి తయారీలో డయాక్సిన్ అనే మహా విషం కల్తీగా చేరింది. ఆ విషం మట్టిలో, చేపల్లో, తల్లిపాలలో చేరి తర్వాతి తరాలను కూడా బాధపెట్టింది. మొక్క పెరుగుదల మందు అని పేరున్నంత మాత్రాన మెత్తనిది అనుకోవడానికి వీల్లేదని ప్రపంచం అక్కడ నేర్చుకుంది.

చట్టం ఎందుకు వచ్చింది

ఇక మన దేశానికి వద్దాం. 1958 ఏప్రిల్, మే నెలల్లో కేరళలో గోధుమపిండి, పంచదార తిన్నవాళ్లు వాంతులతో, ఫిట్సుతో పడిపోయారు. వందమందికి పైగా చనిపోయారు. ఆరా తీస్తే తేలిందేమంటే, తిండి సరుకులు వచ్చిన ఓడలోనే పారాథియాన్ అనే పురుగుమందు కూడా వచ్చింది. అది కారి బస్తాల్లోకి ఇంకింది. బస్తా మోసిన కూలీకి తెలియదు, కొట్టువాడికి తెలియదు, రొట్టె కాల్చిన తల్లికి తెలియదు. విషాన్ని విషం అని చెప్పే గుర్తు లేకపోవడం, దాన్ని తిండి పక్కన పెట్టకూడదనే నియమం లేకపోవడం ఆ ప్రాణాలు తీసింది.

దానిపై ప్రభుత్వం జస్టిస్ జె.సి. షా అధ్యక్షతన విచారణ వేసింది. ఆ విచారణ తర్వాత, పదేళ్లకు, 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. 1971లో నియమాలు తయారై అమలు మొదలైంది. పేరు పురుగుమందుల చట్టమైనా, దాని పట్టికలో కలుపు మందులు, తెగుళ్ల మందులు, పెరుగుదల మందులు అన్నీ ఉన్నాయి. జిబ్బరెల్లిక్ ఆమ్లం, ఇథెఫాన్, పూత రాలకుండా కొట్టే నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం, పత్తికి కొట్టే మెపిక్వాట్ క్లోరైడ్, మామిడి మొదట్లో పోసే పాక్లోబ్యూట్రజాల్ - ఇవన్నీ ఈ చట్టం కిందికి వస్తాయి. "ఇది పురుగుమందు కాదు" అనే మాట చట్టం ముందు నిలవదు.

ముక్కోణం చెప్పే మాట

1971 నియమాల ప్రకారం ప్రతి డబ్బా మీద నిలువుగా నిలబెట్టిన చతురస్రం ఉండాలి. అది రెండు ముక్కోణాలుగా ఉంటుంది. పై ముక్కోణంలో హెచ్చరిక మాట, కింది ముక్కోణంలో రంగు. రంగులు నాలుగు.

ఎరుపు: అత్యంత విషం. పైన పుర్రె, ఎముకల గుర్తు, విషం అనే మాట.
పసుపు: చాలా విషం. పైన విషం అనే మాట ఉంటుంది, పుర్రె ఉండదు.
నీలం: మధ్యరకం విషం. పైన ప్రమాదం అనే మాట.
పచ్చ: కొద్దిపాటి విషం. పైన జాగ్రత్త అనే మాట.

నాలుగింటిలో ఎక్కడా విషం లేనిది అనే తరగతి లేదు. పచ్చ రంగుకు చట్టం పెట్టిన పేరు కొద్దిపాటి విషం. అంగట్లో చెప్పే మాటకు, చట్టం చెప్పే మాటకు మొదటి తేడా ఇక్కడే ఉంది.

మరి ఏ మందుకు ఏ రంగు అని ఎలా తేల్చారు? దానికి ఎల్.డి. 50 అనే కొలత ఉంది. 1927లో ఇంగ్లండులో ట్రెవన్ అనే శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించాడు. అప్పట్లో ఆయన పని ఆసుపత్రి మందులతో. గుండె మందు, ఇన్సులిన్ లాంటివి ఒక్కో సీసాలో ఒక్కో బలంతో వస్తుంటే, వాటి బలం కొలవడానికి ఈ లెక్క కట్టాడు. మందును ఎలుకల వంటి జంతువులకు ఇచ్చి, వాటిలో సగం చనిపోవడానికి ఎంత కావాలో చూస్తారు. జంతువు బరువు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు అని రాస్తారు. అంకె ఎంత చిన్నదైతే విషం అంత ఎక్కువ.

మన నియమాల ప్రకారం నోటి ద్వారా లోపలికి పోతే కిలోకు 1 నుంచి 50 మిల్లీగ్రాములు అయితే ఎరుపు, 51 నుంచి 500 అయితే పసుపు, 501 నుంచి 5000 అయితే నీలం, 5000 దాటితే పచ్చ. చర్మం ద్వారా పోయే విషానికి ఇలాగే వేరే అంకెలు ఉన్నాయి.

ఈ అంకెలను మన ఇంటి లెక్కలోకి మార్చి చూద్దాం. 50 కిలోల బరువున్న మనిషికి ఎరుపు తరగతి హద్దు రెండున్నర గ్రాములు, అంటే అర టీస్పూను. పసుపు హద్దు 25 గ్రాములు. నీలం హద్దు పావు కిలో. అదే 10 కిలోల బిడ్డకు నీలం తరగతి 5 గ్రాముల దగ్గరే మొదలవుతుంది, అంటే ఒక్క టీస్పూను. పెద్దవాళ్లకు మధ్యరకం అన్నది పసిబిడ్డకు మధ్యరకం కాదు. పైగా ఇవి ఎలుకల మీద తీసిన అంకెలు, అందులోనూ సగం చనిపోయే మోతాదు. మనిషి ఇంకా తక్కువకే పడిపోవచ్చు. చావకపోయినా మంచాన పడొచ్చు.

1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే కొలత మీద పురుగుమందులను తరగతులుగా విడగొట్టింది. చాలా దేశాలు దాన్ని చూసుకుని తమ నియమాలు సరిచేసుకున్నాయి. ఈ వర్గీకరణ వల్ల మేలు జరిగింది. చదువు రాని కూలీ కూడా ఎర్ర రంగు చూసి దూరం జరగగలిగాడు. అయితే ఈ కొలత ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు: ఒక్కసారిగా లోపలికి పోతే ఎంతకు ప్రాణం పోతుంది? మిగతా ప్రశ్నలకు రంగు దగ్గర జవాబు ఉండదు. బ్యాంకు పాస్‌బుక్ అట్ట చూసి ఖాతాలో ఎంత ఉందో చెప్పలేం కదా, ఇదీ అంతే. లోపలి పేజీ తిప్పాలి.

రంగు చెప్పనివి

మనం కూరలో వేసే ఉప్పును ఈ కొలతతో కొలిస్తే అది కూడా నీలం వరసలోకే వస్తుంది. మందు అమ్మేవాళ్లు కొందరు ఈ మాట చెప్పి ధైర్యం ఇస్తుంటారు. కానీ ఉప్పు నీళ్లు కంట్లో పడితే మండి పోతుంది, చూపు పోదు. ఇథెఫాన్ సంగతి అలా కాదు. మింగితే చంపే మోతాదు లెక్కలో అది ఎరుపు, పసుపు తరగతులకు రాదు. కానీ నీళ్లు కలపని ఇథెఫాన్ గట్టి ఆమ్లం. కంట్లో చుక్క పడితే శాశ్వతంగా చూపు దెబ్బతినొచ్చు. చర్మం కాలుతుంది. డబ్బా మూత తీసేటప్పుడు, కొలత గ్లాసులోకి వంచేటప్పుడు జరిగే ప్రమాదం ఇది. రంగు దీన్ని చెప్పదు. లోపల పెట్టిన కాగితం చెబుతుంది.

ఎన్నో ఏళ్ల తర్వాత కనిపించే హాని ఇంకొకటి. దీనికి అమెరికాలో జరిగిన అలార్ కథ మంచి ఉదాహరణ. అలార్ అనేది డామినోజైడ్ అనే పెరుగుదల మందు. ఆపిల్ పండ్లు రాలకుండా, ఒకేసారి ఎర్రగా పండేలా 1968 నుంచి తోటల్లో కొట్టారు. దాని ఎల్.డి. 50 కిలోకు 8000 మిల్లీగ్రాముల పైమాట. మన పద్ధతిలో చూస్తే పచ్చ వరస. కానీ ఆపిల్ రసం తీసి వేడి చేసినప్పుడు ఆ మందు విడిపోయి యు.డి.ఎం.హెచ్. అనే ఇంకో పదార్థం అవుతోందని, జంతువులలో దానివల్ల కణితులు వస్తున్నాయని పరీక్షల్లో తేలింది. ఆపిల్ రసం ఎక్కువగా తాగేది పసిపిల్లలు. 1989 ఫిబ్రవరిలో ఈ సంగతి టీవీలో రాగానే తల్లులు ఆపిల్ కొనడం మానేశారు. బడుల్లో భోజనం నుంచి ఆపిల్ తీసేశారు. ప్రమాదం ఎంత పెద్దదన్న దానిపై శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. తోటల వాళ్లు నష్టపోయారు. చివరికి ఆ ఏడాదే కంపెనీ తిండి పంటలకు దాని అమ్మకం ఆపేసింది, ప్రభుత్వం కూడా తిండి పంటల మీద వాడకాన్ని నిలిపివేసింది. ఒకే రోజు మింగితే చంపని మందు, రోజూ కొంచెం కొంచెం లోపలికి పోతే ఏమవుతుందన్నది వేరే పరీక్ష. మన డబ్బా మీది రంగులో ఆ పరీక్ష ఫలితం ఉండదు.

మూడోది, ఇంకొకదానితో కలిసినప్పుడు వచ్చే హాని. ద్రాక్ష తీగ కత్తిరించిన తర్వాత మొగ్గలన్నీ ఒకేసారి చిగురించడానికి హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. ఇది మామూలుగానే చాలా విషం. దీనికి ఇంకో గుణం ఉంది. ఇది ఒంట్లోకి పోయిన రోజుల్లో సారా తాగితే, కొంచెమే తాగినా, ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, ఊపిరి అందదు. ఇటలీలో తోట పనివాళ్లు ఇలా జబ్బుపడటంతో అక్కడ దాని మీద ఆంక్షలు పెట్టారు. తర్వాత 2008లో ఐరోపా సమాఖ్య దానికి అనుమతి నిరాకరించింది. మన దేశంలో అది ద్రాక్షకు వాడుకలో ఉంది. పని అలసట తీరాలని సాయంత్రం ఒక గుక్క తాగే అలవాటు ఎన్ని ఇళ్లలో ఉందో మనకు చెప్పనక్కర్లేదు.

రెండు మూడు మందులు ఒకే డ్రమ్ములో కలపడం కూడా ఇలాంటిదే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు ఇరవై మందికి పైగా చనిపోయారు. పెన్‌గంగ దాటితే అటు యవత్మాల్, ఇటు మన ఆదిలాబాద్. ఆ ఏడాది పత్తి మనిషి ఎత్తు పెరిగింది. మందు తుంపర ముఖం మీదే పడింది. రకరకాల మందులు కలిపి కొట్టారు. ఒక్కో డబ్బా మీద ఒక్కో రంగు ఉంటుంది. మూడు కలిపిన డ్రమ్ము మీద ఏ రంగూ ఉండదు.

నాలుగోది మట్టి సంగతి. మామిడి మొదట్లో పోసే పాక్లోబ్యూట్రజాల్ నేలలో చాలాకాలం నిలుస్తుంది. మోతాదు మించితే చెట్టు కొమ్మలు పొట్టిగా, గుబురుగా అయిపోతాయి, మధ్యలో వేసిన పంట కూడా గిడసబారుతుంది. దీన్ని కూడా రంగు చెప్పదు.

రంగు ఒక్కటే చాలదని ప్రపంచం గుర్తించింది. 1992లో బ్రెజిల్‌లోని రియోలో జరిగిన పర్యావరణ సదస్సులో అన్ని దేశాలకూ ఒకే రకం గుర్తులు ఉండాలని అనుకున్నారు. 2003లో ఐక్యరాజ్యసమితి వాటిని ప్రచురించింది. ఎర్ర అంచు ఉన్న చతురస్రంలో నల్ల బొమ్మలు ఉంటాయి. చేతి మీద ద్రవం పడి తింటున్న బొమ్మ ఉంటే చర్మం, కళ్లు కాలతాయని. మనిషి ఛాతీ మీద నక్షత్రం లాంటి మరక ఉంటే చాలా కాలం తర్వాత హాని చేసే గుణం ఉందని. చచ్చిన చేప, ఎండిన చెట్టు ఉంటే చెరువుకు చేటని. ఈ మూడు బొమ్మలు మన సంఘాల్లో ప్రతి ఒక్కరికీ గుర్తుండాలి. డబ్బా మీద కనిపిస్తే రంగు పచ్చదైనా ఆగి ఆలోచించాలి.

ముక్కోణమే లేని సీసాలు

టానిక్ అని అమ్మే సీసాలు కొన్నింటి మీద అసలు ముక్కోణమే ఉండదు. సముద్రపు నాచు రసం, హ్యూమిక్ ఆమ్లం, అమినో ఆమ్లాలు లాంటివి ఇందులో ఉంటాయని రాస్తారు. చాలాకాలం ఇవి ఏ చట్టం కిందికీ సరిగా రాలేదు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం వీటిని బయోస్టిమ్యులెంట్లు అనే పేరుతో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. వీటిలో పురుగుమందు 0.01 పి.పి.ఎం. మించకూడదని, అంటే పది కోట్ల పాళ్లలో ఒక పాలు కూడా దాటకూడదని హద్దు పెట్టింది. టానిక్ పేరుతో పురుగుమందు కలిపి అమ్మితే అది నేరం. కాబట్టి ముక్కోణం లేని సీసా మీద ఏమేం ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో, తయారుచేసిన చిరునామా ఏమిటో అడగాలి. బిల్లు తీసుకోవాలి. బిల్లు ఇవ్వని సీసా ఇంటికి తేవద్దు.

మామిడి మాగబెట్టే వాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. కార్బైడుతో కాయ మాగబెట్టి అమ్మడం చట్టప్రకారం నిషేధం. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి. 2016లో ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. గదిలో ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి అనుమతి ఇచ్చింది. గాలిలో 10 లక్షల పాళ్లకు 100 పాళ్లు మించకూడదు. కాయల్ని ఇథెఫాన్ కలిపిన నీళ్లలో ముంచడానికి మాత్రం అనుమతి లేదు. చెట్టు మీద కొట్టడానికి రిజిస్టరైన మందు కదా అని తొట్టిలో పోసి కాయలు ముంచితే తినేవాళ్లకూ, ముంచే చేతులకూ చేటే.

ఆడవాళ్లు ముందు నిలబడ్డ రోజులు

ఈ చరిత్రలో మన పేజీ కూడా ఉంది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామంలో పత్తి మీద మందుల ఖర్చు అప్పుల పాలు చేస్తుంటే, 1999 నుంచి కొందరు రైతులు మందులు లేని సేద్యం మొదలుపెట్టారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, జిగురు అట్టలు, ఎర పంటలతో పురుగును అదుపు చేశారు. మహిళా సంఘాలు ముందుండి ఇంటింటికీ ఆ మాట తీసుకెళ్లాయి. 2003 నాటికి ఆ ఊరు పురుగుమందులు వాడబోమని తీర్మానించుకుంది. తర్వాత, 2004-05 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సమాఖ్యల ద్వారానే ఈ పద్ధతిని జిల్లా జిల్లాకూ తీసుకెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని కూడా మహిళా సంఘాల భుజాల మీదుగానే నడుపుతోంది.

ఇప్పుడు మన భుజాల మీదికి ఇంకొకటి వచ్చింది. 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకం మొదలైంది. దేశంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని లక్ష్యం. 15 రోజుల శిక్షణలో 5 రోజులు డ్రోన్ నడపడం, 10 రోజులు పోషకాలు, మందులు చల్లడం నేర్పుతారు. మంచి ఆదాయం వచ్చే పని. చేతి పంపుతో తుంపర మధ్యలో నడిచే బాధ తప్పుతుంది. అయితే చేతి పంపుతో ఎకరాకు 150 లీటర్ల పైచిలుకు నీళ్లలో కలిపే మందును డ్రోన్‌కు పది లీటర్లకు అటూ ఇటూ నీళ్లలో కలుపుతారు. అంటే కలిపే చేతికి తగిలే ద్రావణం చాలా చిక్కగా ఉంటుంది. డ్రోన్ ఎగిరేది గాలిలో, మందు కలిపేది మాత్రం గట్టు మీద కూర్చున్న అక్కే. గాలికి తుంపర పక్క చేనుకు పోతే గొడవా మన మీదికే వస్తుంది. ఇన్నాళ్లూ రైతు ఇంటి ఆడవాళ్లుగా మందు దగ్గర నిలబడ్డాం. ఇప్పుడు కూలి తీసుకుని ఇంకొకరి చేనుకు మందు కొట్టే వాళ్లుగా నిలబడుతున్నాం. బాధ్యత రెండింతలయ్యింది.

సమాఖ్య సమావేశంలో అనుకున్నవి

ఈ సంగతులన్నీ మాట్లాడుకుని, ప్రతి గ్రామ సమాఖ్యలో ఈ కింది పనులు చేద్దామని అనుకున్నాం.

ఒకటి. డబ్బా కొన్నప్పుడు రంగుతో పాటు లోపలి కాగితం కూడా అడిగి తీసుకోవాలి. డబ్బా మీది రాత, ఆ కాగితం హిందీ, ఇంగ్లీషులతో పాటు ఆ ప్రాంతపు భాషలో కూడా ఉండాలని నియమం. విషం తగిలితే కనిపించే లక్షణాలు, మొదట చేయాల్సిన వైద్యం, విరుగుడు అందులో రాయాలి. అక్షరం చిన్నదిగా ఉంటే సంఘం మీటింగులో చదువు వచ్చిన అమ్మాయితో గట్టిగా చదివించుకుందాం.

రెండు. కలిపేటప్పుడు చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు, నిండు చేతుల చొక్కా. వంటింటి గరిటె, గ్లాసు, చెంబు మందుకు వాడొద్దు. మందు కొట్టినవారి బట్టలు విడిగా ఉతకాలి, పసిపిల్లల బట్టలతో కలపొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మందు కలిపే పనికి రావద్దు. వాళ్లకు ఆ రోజు వేరే పని చూపిద్దాం.

మూడు. పెరుగుదల మందును వేరే మందుతో కలపమని కాగితం మీద ఉంటేనే కలపాలి. మోతాదు మూత కొలతతో కాదు, కొలత గ్లాసుతో చూసుకోవాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ కాపు రాదు. వెర్రి నారు కథ గుర్తుంచుకోండి.

నాలుగు. కోతకు ఎన్ని రోజుల ముందు మందు ఆపాలో కాగితం మీద ఉంటుంది. ఆ రోజులు గడవకుండా కాయ కోయడానికి కూలికి పోవద్దు. పోవాల్సి వస్తే రైతును అడిగి ఏ మందు, ఏ రోజు కొట్టారో తెలుసుకోవాలి. అడగడం మన హక్కు.

ఐదు. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె, కల్లు పోయొద్దు. పగలగొట్టి, ఊరికి, బావికి దూరంగా పూడ్చాలని నియమం. గుజరీకి అమ్మితే మళ్లీ ఎవరి ఇంట్లోకి వస్తుందో తెలియదు.

ఆరు. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు ఆగకుండా కడగాలి. మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. కొన్ని మందులు పైకి వచ్చేటప్పుడు గొంతును మళ్లీ కాలుస్తాయి. 108కి ఫోన్ చేసి, డబ్బానూ కాగితాన్నీ వెంట తీసుకెళ్లాలి. డాక్టరుకు ఏ మందో తెలిస్తేనే సరైన విరుగుడు దొరుకుతుంది.

అక్కలారా, 1958లో గోధుమపిండి బస్తా మీద ఏ గుర్తూ లేదు. ఆ వందమంది చావు వల్లనే ఈరోజు మన డబ్బా మీద ముక్కోణం ఉంది. దాన్ని గౌరవించాలి. అది చెప్పినంతవరకు వినాలి, చెప్పని చోట కాగితం తిప్పి చదవాలి. వచ్చే నెల నుంచి ప్రతి సంఘం మీటింగులో పొదుపు లెక్క అయ్యాక, ఆ వారం ఎవరి ఇంట్లోకి ఏ మందు వచ్చిందో చెప్పుకుని, దాని కాగితం ఒకటి చదువుకుందాం. పదిహేను నిమిషాలు చాలు.